ఐదో తూము

3-3-2025, సోమవారం
గేజీ: 4 అడుగుల 1 అంగుళం

నీళ్ల లోతు చూసే నా గేజీ రాయి పక్కన బోర్డు పాతేరు. ఊదారంగు బోర్డు. కూడబలుక్కుని చదివేసరికి పాలవాడు రెండుసార్లు అటూ ఇటూ తిరిగేడు. "ఈ నీరు తాగుటకు పనికిరాదు. మొక్కలకు మాత్రమే."

ఎవడికి పనికిరాదు? ఇది గోదారి నీరు. ధవళేశ్వరం దగ్గర బయల్దేరి, పెద్దకాలవలో పడి, నా తూము దాటి ఈ బోదెలోకి వచ్చే నీరు. ముప్పైనాలుగేళ్లు ఇక్కడ లస్కరుగా చేశాను. ఈ తలుపు నేను ఎత్తితే లేచింది, దించితే దిగింది.

బోర్డు పాతినవాణ్ణి అడిగితే నవ్వేడు. "ఇప్పటి నీళ్లకి కాదు తాతా, రాబోయే నీళ్లకి." టౌను మురుగంతా ఒకచోట చేర్చి, మిషన్లో వడకట్టి, ఈ బోదెలో వదుల్తారంట. పార్కులకి, రోడ్డు మధ్య మొక్కలకి, కాలనీ తోటలకి. చేలన్నీ ప్లాట్లయిపోయాయి, ఇంక బోదెకి కాలవ నీళ్లెందుకు అని. మంచినీళ్లు మిగుల్తాయంట. గోదారిని పక్కన పెట్టుకుని మురుగు వడకట్టుకునే తెలివి! వీళ్ల చదువులు తగలెయ్య.

ఈ పుస్తకం నేను రిటైరైన రోజు ఆఫీసు నుంచి తెచ్చుకున్న ఖాళీ గేజీ రిజిస్టరు. పద్నాలుగేళ్లుగా ఇందులో గేజీ ఒక్కటే రాస్తున్నాను. ఇప్పుడు ఒళ్లు మండుతోంది కాబట్టి మాటలు కూడా రాస్తాను. నాకు వచ్చిన నాలుగు అక్షరాలూ రిజిస్టరు నేర్పినవే. ఎవరూ చదవక్కర్లేదు.

5-3-2025
గేజీ: 4 అ. 1 అం.

బోర్డు పీకేను. సాయంత్రానికి మళ్ళీ పాతేరు.

9-3-2025, ఆదివారం
గేజీ: 4 అ.

కాలనీ కమ్యూనిటీ హాల్లో మీటింగు. హరిబాబు పెట్టించేడు. కాలనీ ప్రెసిడెంటు కదా, మైకు దొరికితే వదలడు. మునిసిపాలిటీ నుంచి ఏఈ అమ్మాయి వచ్చింది, కీర్తిప్రియ అంట. గోడకి ఇంత మ్యాపు అంటించింది. నా బోదె మీద ఏదో రాసుంది. ఏంటది అంటే 'డ్రైను' అంది.

లేచేను. "డ్రైనేంటమ్మా? మీ ఇంట్లో మంచినీళ్ల బిందెని కుడితి గోలెం అంటారా?"

హరిబాబు చెయ్యి పట్టుకుని, "పెద్దిరాజుగారూ, కాస్త నెమ్మదండి, మేడమ్‌గారు కొత్త" అన్నాడు.

"కొత్తయితే నేర్చుకోమను."

ఆ అమ్మాయికి కోపం రాలేదు. "తప్పేంటో చెప్పండి తాతగారూ, దిద్దుకుంటాను" అంది.

చెప్పేను. పంటబోదె మెరక మీద నడుస్తుంది, మురుగుకాలవ పల్లంలో నడుస్తుంది. మెరక మీదది రెండుపక్కలా ఇస్తుంది. పల్లంలోది రెండుపక్కలా పుచ్చుకుంటుంది. ఇచ్చే చెయ్యిని పట్టుకుని పుచ్చుకునే చెయ్యి అని రాసేరు మీరు. పదహారేళ్లు చదివేరంట!

అందరూ చప్పట్లు కొట్టేరు. ఆ పిల్ల 'డ్రైను' కొట్టేసి 'పంటబోదె' అని రాసింది. రాసి, పెన్ను అలాగే పట్టుకుని అడిగింది. "ఇచ్చే బోదె అయితే ఎక్కడెక్కడ ఇస్తోందో తెలియాలండి. ఈ నీళ్లు తాగే నీళ్లలో కలవకూడదు. తూములెన్ని?"

"నాలుగు."

"అన్నీ మూసేసినవేనా?"

"చేలు ప్లాట్లయినప్పుడు నేనే దగ్గరుండి కాంక్రీటు కొట్టించేను."

"పక్కన పేట చెరువుంది కదండీ. పేట ట్యాంకుకి నీళ్లు అందులోంచే ఎక్కిస్తున్నారు. దానికి బోదెతో..."

హరిబాబు అడ్డొచ్చేడు. "అది ఊటచెరువు మేడమ్. దానికి కాలవతో పనిలేదు. మీ రికార్డులో కూడా ఊట అనే ఉంటుంది చూడండి."

ఉంది. ఆ పిల్ల చూసి, నావైపు తిరిగింది. నేను తల ఊపేనో లేదో గుర్తులేదు. అప్పుడే ఎవరో టీ ఇస్తే అందుకుంటున్నాను.

ప్రారంభం రోజున నాకు సన్మానమంట. "ముప్పైనాలుగేళ్లలో ఒక్క అంకె తప్పు రాయని మనిషి" అని హరిబాబు మైకులో చెప్పేడు. నిజమే. రాయలేదు.

10-3-2025
గేజీ: 4 అ.

తూములు నాలుగు. రిజిస్టరులో ఉన్నవి నాలుగే. ఉన్నదే చెప్పేను.

16-3-2025, ఆదివారం
గేజీ: 3 అ. 11 అం.

పొద్దున్నే పేట వైపు నడిచేను. ఊరికే, కాళ్లు సాగుతాయని.

ఆశీర్వాదం అరుగుమీద కూచుని కొబ్బరి ఈనెలు చీరుతున్నాడు, చీపుళ్లకి. ఒకప్పుడు ఇదే బోదెకి వాడూ లస్కరే. తల దగ్గర నేను, చివర వాడు. నన్ను చూసి లేవలేదు.

"రండి లస్కరుగారండి. దారి తప్పేరా?"

"చెరువు ఎలా ఉందో చూద్దామని."

"ఊటా అండి? బ్రహ్మాండంగా ఊరుతోంది. మొన్న పాస్టరుగారు ప్రార్థన కూడా చేశారు, ఊట చల్లగా ఉండాలని."

వాడి పెళ్లాం పాపాయమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. చేట మీంచి తల ఎత్తలేదు.

"మీటింగులో నాలుగన్నారంట" అన్నాడు.

"నాలుగే."

"ఆయ్. లెక్కల్లో మీకు తిరుగేముందండి."

వచ్చేశాను. ఒకప్పుడు వీడు నన్ను బావా అనేవాడు. ఒకే కేరేజీలో తినకపోయినా ఒకే గట్టుమీద తినేవాళ్లం. ఇప్పుడు గారండి. గారూ అండీ తగిలించి కొడితే తగిలే దెబ్బ దుడ్డుకర్రతో కొట్టినా తగలదు.

17-3-2025
గేజీ: 3 అ. 11 అం.

రాసేస్తే పోలా. ఎవడు చదువుతాడు.

1992 వేసవి. దానికి ముందు ఏడు పేటలో వాంతులూ విరోచనాలూ పట్టుకుని ముగ్గురు పోయారు. ఆశీర్వాదం చెల్లెలు అందులో ఒకతె. వాళ్ల చెరువుకి తూము లేదు. వానపడితే నీళ్లు, లేకపోతే మురుగుకాలవ. తూము ఇవ్వమంటే రైతులు పడనివ్వలేదు, చివరి చేలకి అందదని. నేను సెక్షనాఫీసరు దగ్గరికెళ్లి చెప్పేను. ఆయన కళ్లజోడు తియ్యకుండానే, "లస్కరువి, లస్కరులా ఉండు" అన్నాడు.

ఆ మాటకి మండింది నాకు. జాలి కూడా వేసిందనుకో. కానీ ముందు మండింది.

నీళ్లు ఆపి కాలవలు కట్టేసిన రోజులు. పూడిక తీస్తున్నామని చెప్పి, మూడు రోజులు, పట్టపగలే చేశాం. గోడౌన్లో మిగిలిపోయిన సిమెంటు గొట్టాలు నేను తెచ్చేను, వాడు తవ్వేడు. బోదెలో లస్కర్లు తవ్వుతుంటే ఎవరడుగుతారు? బోదె అడుక్కి జానెడు కింద గొట్టం నోరు. దానిమీద సందులున్న రాతిపలక. పలకమీద గడ్డి. అవతలి నోరు చెరువు మెట్ల కింద. జూన్‌లో కాలవ వదిలేరు. చెరువు నిండింది. పేటలో ఊట పడిందన్నారు. మేం కాదనలేదు.

ఆ ఏడు చివరి చేలకి నీళ్లు తగ్గేయి. రైతులు గోల చేస్తే ఆఫీసర్లు వచ్చి రెండు రిజిస్టర్లూ పక్కపక్కన పెట్టేరు. తల దగ్గర నా గేజీ సరిగ్గా ఉంది. చివర ఆశీర్వాదం గేజీ తక్కువుంది. మధ్యలో నీళ్లేమయ్యాయి? మధ్యంతా వాడి బీటు. నీళ్లు అమ్ముకున్నావన్నారు. వాణ్ణి తీసేశారు.

వాడు నోరు విప్పలేదు. విప్పితే గొట్టం పీకేస్తారు, పేట మళ్ళీ మురుగు తాగాలి. నేను చెప్పినా పీకేసేవారే. అందుకని నేనూ చెప్పలేదు. అందుకనే.

నా అంకె సరిగ్గా ఉంది. వాడి అంకె కూడా సరిగ్గానే ఉంది. రాసిన అంకెలో తప్పుంటే చెప్పండి. రాయందాన్ని తప్పంటే ఎలాగ?

తర్వాత ఎప్పుడు ఆ చెరువు గట్టున నడిచినా లోపల మీసం దువ్వుకునేవాణ్ణి, నేను నింపిన చెరువు అని. ఒక్క గుక్క తాగలేదు మాత్రం. పేట నీళ్లు మావాళ్లెవరూ తాగరు.

22-3-2025

గేజీ చూడలేదు. కోడలు నాగదుర్గ, "ఒంట్లో బాలేదా మావయ్యగారూ" అంది. కసిరేను.

14-4-2025, సోమవారం
గేజీ: సున్నా

కాలవ కట్టేశారు. బోదె ఎండింది. రాతిపలక ఉన్నచోట గడ్డి ఇంకా పచ్చగానే ఉంది. కల్వర్టు మీంచి చూసేను. దగ్గరికి వెళ్లలేదు.

ఊదా గొట్టాలు తెచ్చి గట్టంతా పరిచేరు. పార్కు దగ్గర మోటారు షెడ్డు, దానికో కొత్త ట్రాన్స్‌ఫార్మరు. మొక్కకి నీళ్లు పొయ్యడానికి ఇంత సంబరం. పేటలో కరెంటు పోతే రెండురోజులకి గానీ రాదు.

23-4-2025, బుధవారం

చెప్దామనే మునిసిపల్ ఆఫీసుకి వెళ్లేను. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. చెప్దామనే వెళ్లేను.

ఏఈ అమ్మాయి లేదు, కాకినాడ మీటింగుకి వెళ్లిందంట. డీఈ సుధాకర్ గారి గది బయట బల్లమీద కూచోబెట్టేరు. పదింటికి కూచున్నాను. ఒంటిగంటకి క్యారేజీ లోపలికి వెళ్లింది. రెండున్నరకి పిలిచేరు.

"పెద్దాయనా, ఫిర్యాదులు సోమవారం తీసుకుంటాం కదా."

"ఫిర్యాదు కాదండి. ఆ బోదె విషయం."

"డిజైనైపోయింది, పనైపోయింది. ఇప్పుడు సలహాలొద్దండి."

"సలహా చెప్పడానికి రాలేదు నేను."

"మరి?"

నోటిదాకా వచ్చింది. ఆయన కంప్యూటరు వైపు చూస్తున్నాడు. ఎడంచేత్తో పళ్లు కుట్టుకుంటున్నాడు.

"బోర్డుకి మేకు ఊడింది. ఎవరికైనా గుచ్చుకుంటుందని" అన్నాను.

"మా వాళ్లకి చెప్తాను" అన్నాడు.

వినేబుద్ధి లేనోళ్లకి ఎవరైనా ఏం చెప్తారు? మొహం చూసి మాట్లాడ్డం రాదు గానీ ఊరికి నీళ్లిస్తారంట. తప్పు వాళ్లది. నేను వెళ్లేను.

9-5-2025, శుక్రవారం

కార్డు అచ్చయింది. 19వ తేదీ ప్రారంభం. నాగదుర్గ గట్టిగా చదివింది. "గేజీలో నీటిని, నడతలో నిజాన్ని కొలిచిన మహామనిషి శ్రీ పెద్దిరాజుగారికి ఘన సన్మానం." వాళ్ల జంగారెడ్డిగూడెం చుట్టాలకి ఫొటో తీసి పంపింది. నా తెల్లపంచె ఇస్త్రీకిచ్చింది.

"మళ్ళీ చదవనా మావయ్యగారూ?"

వద్దన్నాను. వీళ్లకి మాటలు రాయడం ఎవరు నేర్పేరో. నడత కొలుస్తాడంట. అడిగేరా నన్ను, రాసేముందు?

15-5-2025, గురువారం

ఆశీర్వాదం వచ్చేడు. ముప్పైమూడేళ్లలో మొదటిసారి మా గేటు తీశాడు. నాగదుర్గ కుర్చీ వేసింది. కూచోలేదు. కాఫీ తెస్తే, "వద్దమ్మా, తాగొచ్చేను" అన్నాడు. అబద్ధం.

"సోమవారం వదుల్తున్నారంట కదండి."

"అవునంట."

"మా ఇంట్లో మూడునెలల మునిమనవరాలుంది. దానికి డబ్బానీళ్లు కొని పట్టిస్తాను. పేటలో రెండొందల గడపుంది. అందరికీ కొనలేను."

"నువ్వే చెప్పొచ్చుగా వాళ్లకి."

"చెప్పొచ్చండి. రికార్డులో నేను నీళ్ల దొంగని. దొంగ చెప్పిన మాట మీద పని ఆపుతారా అండి?" గేటు మీద చెయ్యేసి నిలబడ్డాడు. "గోనెల్లో మట్టి నింపి మూతి మూసెయ్యగలను. మూస్తే చెరువు ఎండుతుంది. మూయకపోతే మురుగు దిగుతుంది. ఏది చెయ్యమంటారో చెప్పండి. అప్పుడు పెట్టింది మీరు."

వెళ్లిపోయేడు. గేటు కూడా వెయ్యలేదు.

ఎంత పొగరు! నా గుమ్మంలోకొచ్చి నన్ను నిలదీస్తాడా? ఒక్కసారి, ఈ ముప్పైమూడేళ్లలో ఒక్కసారి, "బావా, నువ్వు చెప్పు, నన్ను బయటపడెయ్యి" అని అడిగి ఉంటే చెప్పనా? అడగడు. అడిగితే వాడి సొమ్మేం పోయింది? నాకు నోరు లేదా, నేను చెప్పనన్నానా? అడగలేదు కాబట్టే కదా.

అడగలేదు.

నాగదుర్గ గుమ్మంలో నిలబడి, "ఏంటి మావయ్యగారూ, ఏం పెట్టేరు మీరు?" అంది. గేటు వెయ్యడానికి వెళ్లేను.

16-5-2025

తూములు నాలుగు అని రాద్దామని కూచున్నాను. పెన్ను కదల్లేదు. కొత్త పెన్నే.

18-5-2025, ఆదివారం

పొద్దున్న ఏడింటికి నాగదుర్గ చేత ఏఈ అమ్మాయికి ఫోను చేయించేను. సెలవైనా స్కూటీ మీద వచ్చింది. బోదె గట్టున నిలబెట్టి చెప్పేను. ఒకే మాట. ఐదో తూముంది, పేట చెరువులోకి దిగుతుంది.

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "రికార్డులో ఊటచెరువని ఉంది తాతగారూ. రేపు ప్రారంభం. మాట మీద ఆపలేను. చూపించండి."

గునపం తీసుకుని బోదెలోకి దిగేను. ఏప్రిల్లో ఉన్న పచ్చగడ్డి ఎండకి మాడిపోయింది, గుర్తు లేదు. కల్వర్టు నుంచి పందొమ్మిది బారలు. కొలత నా ఒంట్లో ఉంది. కొలిచి తవ్వేను. మట్టి. ఇవతల తవ్వేను. మట్టి. పదింటికి ఎండ నెత్తికెక్కింది, మూడు గోతులైనాయి. కాలనీ జనం గట్టుమీద చేరేరు. హరిబాబు పరుగెత్తుకొచ్చేడు.

"ఏంటండీ ఇది? రేపు శాలువా కప్పుకోవల్సిన మనిషి! మేడమ్, పెద్దాయనకి ఎండదెబ్బ తగిలిందండి. ఊటని పట్టుకుని గొట్టం అంటున్నారు."

ఎవడో నవ్వేడు. నవ్వినవాడెవడో ఈ గోతిలోకి దిగమని అరిచేను. ఎవరూ దిగలేదు. ముప్పైమూడేళ్లు దాచింది, బయటపెడదామంటే కనపడదు. నన్ను అబద్ధాలకోరును చెయ్యడానికే దాక్కుంది ముండాగొట్టం.

అప్పుడు ఆశీర్వాదం వచ్చేడు. జనం పక్కకి జరిగేరు. మెల్లిగా బోదెలోకి దిగి నా గోతులు మూడూ చూసేడు.

"కల్వర్టు నుంచి కొలిచేవా?"

"మరి?"

"రోడ్డు వెడల్పు చేసినప్పుడు కల్వర్టు అవతలికి జరిపేరు. పాత కల్వర్టు అదిగో, ఆ ఇటికలు." ఇటికల దగ్గరికి వెళ్లి, చేతులు బారజాపుకుంటూ వచ్చేడు. పందొమ్మిదో బార దగ్గర మడమతో నేల తొక్కేడు. "ఇక్కడ కొట్టు బావా."

కొట్టేను. రాయి మోగింది.

పలక లేపితే గొట్టం నోట్లోంచి కప్ప ఒకటి ఎగిరింది. ఏఈ అమ్మాయి రెండు బిందెల నీళ్లు తెప్పించి, అందులో పసుపు కలిపి పోయించింది. మేమంతా చూస్తున్నాం. కాసేపటికి చెరువు మెట్ల దగ్గర్నుంచి పాపాయమ్మ కేక వినపడింది. "వస్తున్నాయర్రా! పసుపు వస్తోంది!"

హరిబాబు గట్టు దిగి వెళ్లిపోయేడు.

పాపాయమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. ముప్పైమూడేళ్ల తర్వాత నాతో మాట్లాడింది. "పాస్టరుగారికి చెప్పాలి. ఇన్నాళ్లూ నీకోసం ప్రార్థన చేశాడని. మా ఊట నువ్వేనంటగా."

గట్టునున్న పేటవాళ్లు పగలబడి నవ్వేరు. ఆశీర్వాదం నవ్వలేదు. నా చేతిలో చెంబు వైపే చూస్తున్నాడు.

తాగేను. గోదారి నీళ్లే.

ఏఈ అమ్మాయి తెల్లకాగితం, పెన్ను ఇచ్చింది. "రాసి సంతకం పెట్టండి తాతగారూ. ఇది చేతిలో ఉంటే రేపటి నీళ్లు నేను ఆపుతాను." గట్టుమీద కూచుని రాసేను. అరగంట పట్టింది.

"1992 వేసవిలో ఐదో తూము పెట్టింది నేను. రిజిస్టరులో రాయలేదు. ఆ ఏడు తగ్గిన నీళ్లు దీంట్లో పోయాయి. ఆశీర్వాదం ఒక్క చుక్క అమ్ముకోలేదు. అతని గేజీ సరైన గేజీ. నాకు తెలిసే ఊరుకున్నాను."

ఆ పిల్ల చదివింది. "ఆశీర్వాదంగారి విషయం దీంట్లో అవసరం లేదేమో తాతగారూ. ఇది గొట్టం గురించి కదా."

"అదే అవసరం. ఒక్క అక్షరం కొట్టేశావంటే కాగితం వెనక్కి తీసుకుంటాను."

కొట్టలేదు.

19-5-2025, సోమవారం

ప్రారంభం లేదు. శాలువా లేదు. ఇస్త్రీపంచె నాగదుర్గ పెట్లో పెట్టేసింది. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ, "మా అమ్మావాళ్లకి ఏం చెప్పమంటారు?" అంది. ఉన్నది చెప్పమన్నాను. ఇంకో గరిటె పప్పు వేసింది.

సాయంత్రం సుధాకర్ గారు ఫోను చేశాడు. "మీ మీద యాక్షన్ ఉంటుందండి, తెలుసా?"

"ఆలస్యం చేశారు. ముప్పైమూడేళ్లు" అన్నాను.

"నా దగ్గరికి వచ్చినప్పుడు చెప్పొచ్చు కదా?"

"అప్పుడు మేకు గురించి చెప్పేను" అన్నాను. ఆయన పెట్టేశాడు. ఆయన తప్పు కాదది. కానీ నాలుగున్నర గంటలు కూచోబెట్టడం మాత్రం తప్పే.

1-6-2025, ఆదివారం
గేజీ: 2 అ. 7 అం., పెరుగుతోంది

కాలవ వదిలేరు. నీళ్లు నురగ కట్టుకుని వచ్చేయి. మొక్కల నీళ్లకి వేరే మూత గొట్టం వేస్తారంట. ముందు పేట చెరువుకి పెద్దకాలవ నుంచి సొంత లైను, తర్వాతే మొక్కలు. ఏఈ అమ్మాయి మాట. వేస్తారో లేదో చూస్తాను, వదలను.

ఊదాబోర్డు వాళ్లే పీకేరు. గేజీ రాళ్ల మీదా తూముల మీదా తెల్లరంగుతో నెంబర్లు వేశారు. ఐదో దాని గుర్తుకి గట్టుమీద పాతిన రాయి మీద ఐదు వంకరగా వేశాడు పెయింటరు. వెధవ. మళ్ళీ వెయ్యమన్నాను. ఆశీర్వాదం గట్టుమీద కూచుని, "ఉండనీ బావా, కనపడుతోందిగా" అన్నాడు.

తూములు: ఐదు.
లస్కర్లు: పెద్దిరాజు, ఆశీర్వాదం.